కోనసీమ చేల కింద పాత ఒడ్డు: బోరు కోర్ల డైరీ

కార్తీకం: గీత ఎంపిక

ఈ పనిలో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. కోనసీమలో కొబ్బరితోటలున్న మెరకకూ, దాని పక్కనే వరిచేలున్న పల్లానికీ అడుగున ఏ పొరలున్నాయో చూసి, ఒకప్పుడు అక్కడ సముద్రపు ఒడ్డు ఎలా ఉండేదో, అది ముందుకు జరిగిందో వెనక్కి తగ్గిందో, చేతి పరికరాలతో ఎంతవరకు చెప్పగలం? ఉపగ్రహ చిత్రంలో గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న నేల, తీరానికి దాదాపు సమాంతరంగా వంపు తిరిగిన చారలతో నిండి ఉంటుంది. ముదురాకుపచ్చ చారలు ఊళ్ళూ కొబ్బరితోటలూ ఉన్న ఇసుక మెరకలు. వాటి మధ్యనున్న లేత చారలు వరిచేలుగా ఉండి, ఈమధ్య చాలాచోట్ల రొయ్యల చెరువులైన పల్లాలు. ప్రతి మెరకా ఏదో ఒక కాలంలో సముద్రపు అంచున పేరుకున్న ఇసుక దిబ్బేనని భూవిజ్ఞానులు ఎప్పుడో తేల్చారు. దాన్ని మళ్ళీ నిరూపించాలన్నది నా ఉద్దేశం కాదు; ఆ నిర్ణయానికి ఆధారమైన గుర్తులను నా చేతులతో పట్టి చూడాలన్నదే ఉద్దేశం.

సుమారు 20,000 ఏళ్ల కిందట, భూమి మీద మంచు అత్యధికంగా పేరుకున్న కాలంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది; సుమారు 7,000 ఏళ్ల కిందటికి ఆ పెరుగుదల మందగించిన తరువాతనే గోదావరి తెచ్చే ఒండ్రూ ఇసుకా నిలదొక్కుకొని డెల్టాను ముందుకు నెట్టగలిగాయి. కనుక ఇక్కడ నేల కింద దొరికేది ప్రధానంగా ఒడ్డు ముందుకు జరిగిన కథే అయి ఉండాలి. అయితే ముందే తెలిసిన కథకు తగ్గట్టు పొరలను సర్దుకోవడం ఈ రకం పనిలో ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం. అందువల్ల ప్రతి బోరులోనూ పొర పేరు రాయడానికి ముందే, అది కింది పొరను ఎలా తాకుతున్నదో రాయాలని నియమం పెట్టుకున్నాను: గీత గీసినట్టు తెగిందా, మెల్లగా కలిసిపోయిందా, పీతల బొరియలతో కలగాపులగమైందా? రెండు పొరలు కలిసే ఈ అంచునే భూవిజ్ఞానంలో సంపర్కం అంటారు.

నేటి ఒడ్డు నుంచి లోపలికి, చారలకు అడ్డంగా వెళ్ళే ఒక గీత ఎంచుకున్నాము. కోరింగ అభయారణ్యంలో తవ్వకూడదు కాబట్టి ఉప్పుటేటి పని దాని బయటనే పెట్టుకున్నాము. చేతి ఆగర్ (తిప్పుతూ నేలను తొలిచే బర్మా), పీవీసీ గొట్టాలు, జల్లెడలు, భూతద్దం, పలుచన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అయస్కాంతం: ఇవే ముఖ్యమైన పరికరాలు.

మార్గశిరం: ముందు నేటి ఒడ్డు

నేటి ఒడ్డును చదవడం రాకుండా పాత ఒడ్డు దగ్గరికి పోవడం వ్యర్థం. అల ఎక్కి దిగే దిశలోనే మోకాలి లోతు కందకం తవ్వి, దాని గోడను తాపీతో నునుపు చేశాము. సముద్రం వైపు కొద్ది డిగ్రీలు మాత్రమే వాలిన పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి బారులుగా కనిపించాయి. మధ్యమధ్య నల్లని చారలున్నాయి. ఆ నలుపు ఇల్మనైటు, మాగ్నటైటు ఖనిజాలది. వాటిలో గార్నెట్ రేణువులు గులాబీ రంగులో మెరుస్తాయి. తూర్పు కనుమల ఖోండలైటు శిలలు శిథిలమై నదుల ద్వారా ఇక్కడికి చేరిన సరుకులో గార్నెట్, సిల్లిమనైటు, ఇల్మనైటు పుష్కలంగా ఉంటాయి. తేలిక రేణువులను అల వెనక్కి లాక్కుపోతే బరువైనవి ఒడ్డునే మిగిలి చారలు కడతాయి.

భూతద్దంతో ఒక్కొక్క పొరనే చూస్తే ఇంకో విశేషం కనిపించింది. పొర అడుగున సన్నని నల్లరేణువులు, పైన కొంచెం ముతక తెల్లరేణువులు ఉన్నాయి. నిలిచిన నీటిలో మట్టి తేరుకునేటప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు; అక్కడ ముతకది ముందు అడుగుకు చేరుతుంది. అల తిరిగి జారేటప్పుడు ఇసుక ఒక పలుచని పరుపుగా కదులుతుంది, ఆ కదలికలో సన్నని బరువైన రేణువులు ముతకవాటి సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. నది ఇసుకలో వాలు పొరలు ఎక్కువ నిటారుగా, ప్రవాహపు దిశకు వాలి ఉంటాయి. సిమెంటు పనికి తెచ్చే గోదావరి ఇసుకలో తళుక్కుమనే అభ్రకపు రేకులు అలల తాకిడి ఉన్న ఒడ్డున దాదాపు కనిపించవు, తేలికపాటి ఆ రేకులను నీరు దూరంగా మోసుకుపోతుంది. ఈ మూడు గుర్తులూ, అంటే స్వల్పమైన వాలు, తలకిందులైన అమరిక, అభ్రకం లేకపోవడం, కలిసి కనిపిస్తేనే ‘ఒడ్డు’ అని రాయాలని నిర్ణయించుకున్నాము. నల్లచార ఒక్కటే చాలదు. ఏటి ఇసుకలోనూ నల్లచారలు ఉంటాయి.

గట్టు దాటి సరుగుడు తోటల వైపు వెళ్ళేసరికి పొరలు లోపలి వైపు వాలడం మొదలైంది. పెద్ద అలలు గట్టు దాటి వెనక్కి పోసిన ఇసుక అది. ఆ పైన గాలి పేర్చిన ఇసుక ఒకే పరిమాణంలో, గుల్ల ముక్కలు లేకుండా, వేళ్ళతో నిండి ఉంది. ఎండిన కందకపు గోడకు పలుచన చేసిన తెల్లజిగురు పట్టించి, గుడ్డ అతికించి, ఆరాక ఊడదీస్తే పొరల అచ్చు గుడ్డకు అంటుకొచ్చింది. ముతక పొరలు జిగురును ఎక్కువ పీల్చుకొని ఉబ్బెత్తుగా నిలుస్తాయి కాబట్టి కంటికి అందని తేడా కూడా చేతికి తగులుతుంది. తడి గోడ మీద ఇది పనిచేయదు.

అమావాస్య నుంచి పౌర్ణమి దాకా: ఉప్పుటేటి గట్టున

పోటు సమయంలో మునిగి, పాటు సమయంలో తేలే బురదమేటలో పీవీసీ గొట్టాన్ని సుత్తితో దింపి, పై మూత గాలి చొరకుండా బిగించి లాగితే, లోపలి బురద జారకుండా పైకి వస్తుంది. గొట్టాన్ని నిలువునా రంపంతో కోసి, నైలాను దారంతో బురదను రెండుగా చీల్చి నీడన ఆరబెట్టాము. ఆరిన తరువాత ఆ కోరు, అంటే గొట్టంతో తీసిన నిలువు నమూనా, పూతరేకు మడత విప్పినట్టు పొరపొరగా విడిపోయింది: సన్నని ఇసుక రేకు, దాని మీద బురద రేకు, మళ్ళీ ఇసుక, మళ్ళీ బురద.

దీని వెనకనున్న క్రమం సరళమైనదే. నీరు పరుగెత్తే వేళ ఇసుక కదులుతుంది; పోటు ముగిసి నీరు నిలిచినప్పుడు బురద తేరుకుంటుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉండి ఇసుక రేకులు మందమవుతాయి. అష్టమి ప్రాంతంలో పోటు బలహీనపడి రేకులు సన్నబడి బురద ఎక్కువవుతుంది. ఒక పెద్దపోటు నుంచి తరువాతి పెద్దపోటుకు సుమారు 14.8 రోజులు కనుక, లెక్క ప్రకారం ఆ వ్యవధిలో దాదాపు 28 జంటలు ఏర్పడాలి. మా కోరులో ఒక్కో గుంపుకు అంతకంటే చాలా తక్కువ జంటలే కనిపించాయి. మేట ఎగువభాగంలో గొట్టం దింపాము కాబట్టి అష్టమినాటి చిన్నపోట్లు అక్కడిదాకా ఎక్కవు; ఎక్కని పోటు గుర్తు వదలదు. కాకినాడ ప్రాంతంలో పెద్దపోటునాడు కూడా నీటిమట్టపు తేడా సుమారు ఒకటిన్నర మీటరే. ఇంత తక్కువ తేడా ఉన్న తీరంలో పోటుపాట్ల లెక్క నిండుగా దొరకాలంటే ఏటి కాలువకు దగ్గరలో, దిగువ భాగాన వెతకాలి.

కోరు పైభాగంలో ఒకచోట బొటనవేలంత మందాన ఎర్రటి ఒండ్రు, లోపల ఏ రేకూ లేకుండా, ఒకే ముద్దగా ఉంది. శ్రావణ భాద్రపదాల్లో వచ్చే ఎర్రనీటి వరద తెచ్చినది అదేనని రంగే చెబుతున్నది. వరదకాలంలో గోదావరి పోటును మింగేస్తుంది. పోటుపాట్ల జంటలు రాసుకునేది నది నీరసపడిన నెలల్లోనే. పాత కోరులో ఇలాంటి గుంపులూ ముద్దలూ మారిమారి వస్తే, పోటు చేరే చోట నది కూడా కలిసిందని రాయవచ్చు. ఒకటి రెండు జంటలను చూసి పోటుపాట్లు అనడం తొందరపాటు. రేకుల మందం క్రమంగా పెరిగి, క్రమంగా తగ్గాలి. మడచెట్ల నీడలోకి వెళ్ళేసరికి ఈ రేకులన్నీ మాయమయ్యాయి, ఎందుకంటే అక్కడ పీతలు బురదను నిత్యం తిరగేస్తూ ఉంటాయి.

సార్వా కోతలకూ దాళ్వా నాట్లకూ నడుమ: పల్లంలో బోర్లు

ఈ కొద్ది వ్యవధిలోనే చేలలోకి దిగడానికి వీలు. పల్లంలోని మొదటి బోరులో పైనుంచి కిందికి కనిపించిన క్రమం ఇది. దమ్ము చేసిన మట్టి; దాని కింద తుప్పురంగు వేరుజాడలున్న గోధుమరంగు ఒండ్రు; అది మెల్లగా నీలిబూడిద రంగు జిగటబంకగా మారింది; ఆ కింద కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే నల్లబురద, అందులో కలప పీచు, మొనదేలిన మెలికల నత్తలు, ఆల్చిప్పలు. మూడు మీటర్ల ప్రాంతంలో బురద ఒక్కసారిగా తెగిపోయి, గుల్లముక్కలూ నల్లరేణువులూ ఉన్న బూడిదరంగు ఇసుక తగిలింది.

మాతో వచ్చిన బోరు మేస్త్రికి ఈ క్రమం కంఠతా వచ్చు. నల్లబురద పైకి రాగానే, “గుల్ల తగిలిందంటే ఇక కింద ఉప్పునీళ్ళేనండి మాస్టారూ, మంచినీళ్ళు కావాలంటే మెరక మీదే వెయ్యాలి” అన్నాడు. భూవిజ్ఞానం చెప్పే మాట కూడా ఇదే. మెరక ఇసుకలో వాననీరు ఇంకి ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. పల్లంలోని బురదలో పాత ఉప్పు ఇంకా వదలలేదు. ఊళ్ళన్నీ మెరకల మీదే వరుసగా ఉండడానికి వరదభయం ఎంత కారణమో మంచినీటి బావులూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఈ పొరలను కిందినుంచి పైకి చదివితే, ముందు ఒడ్డున అలలు కొట్టే ఇసుక ఉంది. తరువాత సముద్రం వైపు కొత్త దిబ్బ లేచి, దాని వెనక అలల తాకిడి లేని ఉప్పునీటి మడుగు ఏర్పడి బురద పేరుకుంది. చివరికి నది వరదలు దాన్ని పూడ్చి చేను చేశాయి. దీనికి నేటి పోలిక కాకినాడ ముందే ఉంది. గౌతమి మొగ దగ్గరి నుంచి ఉత్తరంగా సాగిన సుమారు 16 కిలోమీటర్ల ఇసుకపట్టీ, అంటే హోప్ ఐలాండ్, అలలను అడ్డుకోవడం వల్లనే దాని వెనక కాకినాడ అఖాతంలో బురద నిలిచి, అనడారా జాతి గుల్లలు పెరుగుతున్నాయి. ఆ అఖాతం ఇక ముందు పూడితే అక్కడ వేసే బోరులోనూ మా చేలో కనిపించిన క్రమమే వస్తుంది. ఇప్పుడు నేల మీద పక్కపక్కన ఉన్న పరిసరాలే, ఒడ్డు జరిగేకొద్దీ, ఒకదాని మీద ఒకటిగా పేరుకుంటాయన్న సూత్రాన్ని జర్మన్ భూవిజ్ఞాని జొహానెస్ వాల్తర్ 19వ శతాబ్దం చివర చెప్పాడు. అయితే ఆ సూత్రం మెల్లగా మారే సంపర్కాలకే చెల్లుతుంది. తెగిన సంపర్కం దగ్గర మధ్యలో కొన్ని పుటలు చిరిగిపోయి ఉండవచ్చు.

పుష్యం: మెరక ఇసుకతో పేచీ

మెరక మీద ఆగర్ నీటిమట్టం దాకా హాయిగా దిగింది, ఆ తరువాత తడి ఇసుక కూలి రంధ్రాన్ని పూడ్చసాగింది. పెద్ద పీవీసీ గొట్టాన్ని తొడుగుగా దింపుతూ, లోపలి ఇసుకను అడుగున తెరుచుకొని మూసుకునే మూత ఉన్న సన్నని గొట్టంతో తోడడం తప్ప మార్గం లేదు. ఇలా తోడిన ఇసుకలో పొరల అమరిక మిగలదు. రేణువుల పరిమాణం, ఖనిజాలు, గుల్లలు మాత్రమే దొరుకుతాయి. అందుకే ఇక్కడ కందకం తవ్వగలిగిన పైభాగానికీ, తోడిన కిందిభాగానికీ వేర్వేరు విలువ ఇవ్వాలి. పైన గాలి ఇసుక, దాని కింద నల్లచారల ఒడ్డు ఇసుక, ఇంకా కింద సన్నబడుతూ బురద కలిసిన ఇసుక, అట్టడుగున నీలిబూడిద బురద ఉన్నాయి. కిందినుంచి పైకి ముతకబడే ఈ క్రమం ఒడ్డు సముద్రం మీదికి జరుగుతున్నదని చెప్పే గుర్తుల్లో అన్నిటికంటే నమ్మదగినది.

మాఘం: జల్లెడ, ఆమ్లం, సూక్ష్మదర్శిని

ఈ నెలంతా ఇంటిపట్టున పనే. బురదను 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, మిగిలిన దాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఒడ్డుకు దగ్గరి పల్లంలో అమ్మోనియా జాతి ఫోరామినిఫెరా గుల్లలు విస్తారంగా కనిపించాయి. ఉప్పు తగ్గినా పెరిగినా తట్టుకునే ఏకకణజీవులవి. ఆ ఒక్క జాతే ఎక్కువగా ఉండి మిగతావి కరువైతే, నీరు అటు సముద్రమూ కాక ఇటు నదీ కాక ఉండేదని అర్థం.

లోపలి పల్లంలో తీసిన నల్లబురదలో గుల్లే లేదు, ఆమ్లం పోస్తే నురగా రాలేదు. దాన్ని మంచినీటి బురద అని రాసెయ్యడానికి మనసు పోతుంది. కానీ ఆకుఅలములు కుళ్ళే బురదలో పుట్టే ఆమ్లం సున్నపు గుల్లలను కరిగించివేస్తుంది; గుల్ల లేనంత మాత్రాన ఉప్పునీరు లేదని కాదు. ఇసుక రేణువులను అతికించుకొని గూడు కట్టుకునే ఫోరామినిఫెరా రకాలు ఆ ఆమ్లానికి లొంగవు. ఓపికగా వెతికితే అవి దొరికాయి, కాబట్టి అది మడ అడవి ఎగువ అంచున, పెద్దపోటు మాత్రమే అందే చోట పేరుకున్న బురద. పెద్ద గుల్లల విషయంలోనూ ఒక విచక్షణ కావాలి. రెండు చిప్పలూ మూసుకొని జంటగా ఉన్న గుల్ల అక్కడే బ్రతికి అక్కడే చచ్చినది. అరిగిన ఒంటిచిప్ప ఎక్కడినుంచైనా కొట్టుకొచ్చి ఉండవచ్చు.

ఫాల్గుణం: కొవ్వూరు అవతల క్వారీలు

ఇది గీతలో లేని పని, అయినా అవసరమనిపించింది. పంగిడి, గౌరీపట్నం ప్రాంతపు క్వారీల్లోనూ, గోదావరికి ఇటు రాజమహేంద్రవరం పక్కన కాతేరు దగ్గరా దక్కను లావాకు చెందిన నల్లరాతి ప్రవాహాల నడుమ సున్నపురాతి, బంకమట్టి పొరలున్నాయి. వాటి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఆ పొరల్లో నదీముఖాల్లో పెరిగే రకపు నత్తలూ ఆల్చిప్పలూ శిలాజాలుగా ఉన్నాయని 19వ శతాబ్దం నుంచే తెలుసు. ఆల్చిప్పలున్న రాతిముక్కను, మా చేలోని బురదలో దొరికిన ఆల్చిప్పల పక్కన పెట్టి చూస్తే చదివే పద్ధతిలో తేడా ఏమీ లేదు: జంటగా ఉన్నాయా, అరిగాయా, కింది పొరను ఎలా తాకుతున్నాయి? అక్కడ పై సంపర్కం మాత్రం వేరు జాతిది, మడుగు మీదికి లావా పారింది.

చైత్రం: రొయ్యల చెరువు గోడ

పొక్లెయిన్‌తో కొత్తగా తవ్వుతున్న చెరువు గోడను రైతు అనుమతితో శుభ్రం చేసుకున్నాము. బోరులో అరచేతి వెడల్పున కనిపించే సంపర్కం ఇక్కడ పదుల మీటర్ల పొడవునా కనిపించడం పెద్ద వరం. బురద మధ్యలో జానెడు కూడా లేని ఇసుక పట్టీ ఒకటి, అడుగు గీత గీసినట్టు తెగి, లోపల చిరిగిన బురదగడ్డలతో, అరిగిన సముద్రపు గుల్లలతో ఉంది. ఊరి వైపు పోనుపోను అది పలచబడింది.

ఇసుక కింద బురద ఉంటే ఒడ్డు వెనక్కి తగ్గి మడుగును కప్పేసిందని కూడా అనుకోవచ్చు. వశిష్ఠ మొగకు దగ్గరలో కోతకు గురవుతున్న ఒక ఒడ్డున, పాత మడబురద మీద నేటి ఇసుక అలాగే కూర్చొని ఉండడం చూశాము. రెండిటికీ అడుగు సంపర్కం ఒక్కటే. తేడా తెలిసేది పై సంపర్కంలో. ఒడ్డు నిజంగా వెనక్కి తగ్గితే ఇసుక మీద కూడా సముద్రపు పొరలే రావాలి. ఈ గోడలో ఇసుక పట్టీ మీద మళ్ళీ అదే నల్లబురద, అవే నత్తలు ఉన్నాయి. అంటే ఉప్పెన దిబ్బను దాటి ఇసుకను లోపలికి విసిరింది, ఆ తరువాత మడుగు తన పనిలో తాను పడింది. 1839లో కోరింగను తుడిచిపెట్టిన తుపాను, 1996 నవంబరులో కోనసీమను కొట్టిన తుపాను అందరికీ గుర్తుకు వస్తాయి. కానీ ఈ పట్టీ మీద రెండు మీటర్ల బురదా ఒండ్రూ ఉన్నాయి. ఆ లోతులోని ఇసుకకు తెలిసిన తుపాను పేరు పెట్టే ముందు వయసు తేల్చాలి.

వైశాఖం: కాలువలు కట్టేశాక

కాలువలు కట్టేయడంతో నీటిమట్టం దిగి, వయసు కట్టడానికి నమూనాలు తీయడం సులువైంది. రేడియోకార్బన్ పద్ధతి (గుల్లలో, కలపలో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు కట్టడం) కోసం ఇసుకలోని అరిగిన గుల్లలను వదిలేసి, బురద అట్టడుగున, ఇసుక సంపర్కానికి సరిగ్గా పైన జంటచిప్పలతో ఉన్న గుల్లలనే తీశాను. అరిగిన గుల్ల తన చావు కాలాన్ని చెబుతుంది గానీ ఒడ్డు కాలాన్ని కాదు. సముద్రజీవులు పాత కార్బన్‌ను కూడా పీల్చుకోవడం వల్ల వాటి వయసు సాధారణంగా కొన్ని వందల ఏళ్లు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, పోల్చి చూసుకోవడానికి అదే మట్టం నుంచి ఆకుముక్కలూ సన్నని పుల్లలూ వేరుగా తీసి పెట్టాను.

మెరక ఇసుకకు మరో పద్ధతి ఉంది. క్వార్ట్జు రేణువు చివరిసారి ఎప్పుడు ఎండ చూసిందో దానిలో చిక్కుకున్న శక్తిని బట్టి కొలుస్తారు. అందుకు వెలుగు చొరని నల్లగొట్టాన్ని కందకపు గోడలోకి అడ్డంగా కొట్టి, రెండు చివరలా వెంటనే మూసివేయాలి. కొబ్బరివేళ్ళు, పీతల బొరియలు తగలని లోతులో, గాలి ఇసుకలో కాకుండా నల్లచారల ఒడ్డు ఇసుకలోనే తీశాము. దిబ్బ పైనున్న గాలి ఇసుక ఆ తరువాత ఎన్నిసార్లయినా కదిలి ఉండవచ్చు.

గీతలో లోపలి చివరనున్న మెరకకూ దాని పల్లానికీ నడుమ ఇంకా ఒక బోరు మిగిలి ఉంది. ఆ పల్లంలో బురద ఇసుక మీద మెల్లగా కలుస్తున్నదా, తెగి ఉన్నదా అన్నది తేలలేదు. తెగి ఉంటే వాల్తర్ సూత్రం అక్కడ చెల్లదు, ఆ పల్లానికి అటూ ఇటూ ఉన్న దిబ్బల మధ్య ఒకసారి ఒడ్డు కోతకు గురై ఉండవచ్చని లెక్క మార్చాలి. తొలకరికి కాలువలు వదలకముందే ఆ బోరు వేయాలి.